గిడ్డయ్య కెమెరాకు జడిసిన వీధి

మీటరు గిడ్డయ్య ఫోటోలు తీసి కొలతల ఆఫీసుకు అందిస్తున్నాడన్న మాటను టీకొట్టు పుల్లయ్య పుట్టించాడని కర్నూలు బుట్టలోళ్ళ వీధిలో ఇప్పటికీ అనుకుంటారు. పాపం, పుల్లయ్యకు అంత తెలివెక్కడిది? ఉన్న మాటకు చిటికెడు కారం చల్లి పక్కవాడికి అందించడం వరకే అతని పని. ఆ మాట పుట్టింది బొరుగుల ఉగ్గాని అమ్మే వెంకటేశ్వరమ్మ అరుగు మీద. పుట్టించింది వెంకటేశ్వరమ్మే. పుట్టించి, పెంచి, చివరికి దానికి తానే భయపడి మూడు రోజులు అంగడి మూసుకున్నదీ ఆమే. జరిగింది జరిగినట్టు చెప్పుకుంటే పుల్లయ్య మీది నిందా పోతుంది, గిడ్డయ్య ఎలాంటి మనిషో కూడా తెలుస్తుంది.

గిడ్డయ్యది పత్తికొండ పక్కన పల్లెటూరు. కరెంటు మీటర్లు చూసే పని మీద కర్నూలు వచ్చి ముప్పై ఒక్క ఏళ్ళు ఇంటింటికీ తిరిగాడు. భుజాన ఖాకీ సంచి, చెవి మీద పెన్ను, చేతిలో పొడుగాటి నోటుబుక్కు. అతను గేటు తీసిన చప్పుడైతే చాలు, లోపల ఇస్త్రీపెట్టె ఆగిపోయేది, హీటరు మంచం కిందికి దూరేది. స్తంభానికి తీగ తగిలించుకున్న ఇంట్లో అయితే ముసలమ్మకు ఉన్నట్టుండి భక్తి పుట్టుకొచ్చి గొంతెత్తి పాడేది, మేడ మీది కొడుక్కి వినబడి తీగ లాగేయాలని. తనను చూడగానే జనం ఏదో ఒకటి దాచుకోవడం గిడ్డయ్యకు ఎండాగాలీ లాగా అలవాటైపోయింది. దాన్ని ఎప్పుడూ మనసులో పెట్టుకోలేదు. మనుషుల్ని పేర్లతో కాకుండా డోరు నంబర్లతో గుర్తుపెట్టుకోవడం కూడా ఆ ఉద్యోగం అంటించిన జబ్బే. ఎవరైనా పెళ్ళిపత్రిక ఇస్తే పేర్లు రెండుసార్లు చదివి దిక్కులు చూసేవాడు. నలభైయారు బై మూడు వాళ్ళప్పా అంటే మాత్రం చుట్టం కనిపించినట్టు ముఖం విప్పారేది.

రిటైరైన నెలలో కడపలో కాపురముంటున్న కూతురు తనూజ ఇంటికి పోయాడు. అల్లుడు చైతన్య అటక మీంచి ఒక నల్ల సంచి దించి మామ చేతిలో పెట్టాడు. పెళ్ళైన కొత్తలో పెళ్ళాన్ని ఫోటోలు తీయాలని ముచ్చటపడి కొన్న పెద్ద కెమెరా అది. బిడ్డ పుట్టాక ఎత్తుకోవడానికి ఒక చేయి, ఫోనుకు ఒక చేయి సరిపోయి, కెమెరా అటకెక్కింది. పారేయలేక, అమ్మితే పెళ్ళాం ఏమంటుందోనని అమ్మలేక, మామకు కట్టబెట్టాడు. తిరుగు ప్రయాణంలో గిడ్డయ్య ఆ సంచిని బస్సులో పైన పెట్టలేదు, కింద పెట్టలేదు, కర్నూలు వచ్చేదాకా ఒళ్ళోనే పెట్టుకున్నాడు. అతని భార్య హంపమ్మ, మనవడినైనా ఇంత భద్రంగా పట్టుకోలేదని దారంతా సణిగింది.

మొదటి రెండు నెలలూ తలల్లేని మనుషులే పడ్డారు. తర్వాత చెయ్యి కుదిరింది. ఆదివారం ఆదివారం ఏదో ఒక బస్సెక్కి పోయేవాడు. ఊరంతా తీసుకునే ఫోటోలు మాత్రం అతనికి పట్టవు. మంత్రాలయంలో హంపమ్మ దర్శనానికి వరుసలో నిలబడితే, ఇప్పుడే వస్తానని పోయిన మనిషి మఠం మూసేవేళకు గానీ రాలేదు. ఏం చేశావంటే, యాభై ఫోటోల చెప్పులు చూపించాడు. ఎడమదొక చోట, కుడిదొక చోట దాచిపెట్టిన చెప్పులు. మొగుడివీ పెళ్ళానివీ కలిపి తాడుతో కట్టేసిన చెప్పులు. తనవి ఎవరూ తొడుక్కుపోకుండా ఎవరో పెద్ద రాయి ఎత్తిపెట్టిన చెప్పులు. స్వామిని చూడకుండా చెప్పులు చూసిన వాడివి నువ్వొక్కడివేనని హంపమ్మ ఇల్లు చేరేదాకా మాట్లాడలేదు. పత్తికొండలో టమోటా మండీకి పోయి, డబ్బాల మీద ముఖాన తువ్వాలేసుకుని నిద్రపోతున్న రైతును తీశాడు. వేంపల్లెలో సగం గడ్డం గీయించుకుని, బస్సు కదిలిందని పరిగెత్తుతున్న మనిషిని తీశాడు. కొండారెడ్డి బురుజును కూడా ఒకసారి తీశాడు గానీ అందులో బురుజు మూలన కొంచెం కనపడుతుంది, మిగతాదంతా దాని నీడలో కునుకు తీస్తున్న ఆటోవాళ్ళే.

మిగిలిన రోజుల్లో తెల్లవారగానే సొంత వీధుల్లో తిరిగేవాడు. ముప్పై ఏళ్ళు మీటరున్న గోడే చూశాడట, ఇళ్ళెప్పుడూ చూడలేదట, అందుకే చూసుకుంటున్నాడట. ఆ మాట హంపమ్మతో అన్నాడు గానీ వీధిలో ఎవరికీ చెప్పలేదు. ఎవరైనా అడిగితే కదా చెప్పడానికి. వీధి తరఫున అడగాల్సిన మనిషి వెంకటేశ్వరమ్మ, ఆమేమో ఆ ఒక్కటీ అడగకుండా మిగతావన్నీ అడిగింది.

వెంకటేశ్వరమ్మ చదివింది ఐదో తరగతి. అయినా బజ్జీలు చుట్టే పేపరు ముక్కను కూడా చదవకుండా చేతికివ్వదు. సగం వార్త ఉన్న ముక్క వస్తే మిగతా సగానికి కట్టంతా వెతుకుతుంది, ఈలోగా బజ్జి మాడినా సరే. ఎప్పుడో ఒక సబ్బుల కంపెనీ మనిషి ఉగ్గాని తింటూ తమ్ముడికి కిడ్నీలో రాయి ఉందని చెప్పి పోయాడు. ఆర్నెల్ల తర్వాత అతను మళ్ళీ వస్తే, ప్లేటు చేతికివ్వకముందే రాయి పడిందా అని అడిగింది. ఆమె అరుగు మీద కూచుని లేచిన మనిషికి బొరుగులతో కడుపు నిండేది, ఆమెకు కబుర్లతో నిండేది.

అరుగంటే పెద్ద కట్టడమేమీ కాదు. ఇంటి ముందు కాలువకు అడ్డంగా వేసిన మూడు నల్లటి కడప బండలు. ఒక బండ మీద పొయ్యి, ఒక బండ మీద ఆమె, మూడో బండ మీద తినేవాళ్ళు. ఆ తినేవాళ్ళలో అప్పుడప్పుడూ వచ్చే లెక్కల అయ్యవారొక్కడే ఏ బడిలో చెబుతాడో ఆమెకు చెప్పకుండా తప్పించుకునేవాడు. మొగుడు పోయిన ఏడాది వేయించింది. ఇద్దరు కూతుళ్ళ చదువులూ పెళ్ళిళ్ళూ ఆ బండల మీంచే లేచాయి. బండలు ఎవరివంటే ఆమెవి. వాటి కింద నేల ఎవరిదన్న ప్రశ్న ఆ వీధిలో ఎవరూ ఎత్తరు, ఎందుకంటే పుల్లయ్య టీకొట్టు రేకు కింద నేల ఎవరిదో, ఎదురింటి ప్రేమమ్మ బట్టలుతికే తొట్టి కింద నేల ఎవరిదో కూడా అప్పుడే తేల్చాల్సి వస్తుంది.

ఇలా ఉండగా ఒకరోజు పొద్దున గిడ్డయ్య ఉగ్గాని తిని, నోటుబుక్కు బండ మీద మర్చిపోయి వెళ్ళాడు. ఇంకొకరైతే పిలిచి ఇచ్చేవాళ్ళు. వెంకటేశ్వరమ్మ కూడా పిలవాలనే లేచింది, కాకపోతే పిలిచేలోగా ఒక పేజీ చూద్దామనుకుంది. మీటర్లు చూసిన రోజుల్లో మిగిలిన బుక్కే అది, గీతలూ గడులూ అలాగే ఉన్నాయి. రీడింగు రాసే గడిలో గిడ్డయ్య తన గుండ్రటి అక్షరాలతో ఇలా రాసుకున్నాడు: "45-12. బండలు మూడు. కాలువ మీదికి. ఉదయం 7-10. శానా బాగుండాది." దాని కింద: "46-3. తొట్టి రోడ్డు మీద. మళ్ళా పోవల్ల." ఇంకా కింద: "టీకొట్టు. రేకు మూడడుగులు ముందుకు. పొద్దున నీడ. తప్పకుండా తీయవల్ల."

నలభైయైదు బై పన్నెండు ఆమె ఇల్లే.

ఆమె ఆ గడిని మళ్ళీ ఒకసారి చదివి, ఏదోలే, ముసలాయన పిచ్చి అని సర్దుకుని బుక్కు తిరిగిచ్చేసింది. వారం తిరక్కుండానే వెనక వీధిలోకి టేపులు పట్టుకుని మనుషులొచ్చారు. రోడ్డు మీదికొచ్చిన మెట్లకూ అరుగులకూ ఎర్ర రంగుతో గీతలు కొట్టిపోయారు. వాళ్ళది ఏ ఆఫీసో ఎవరికీ సరిగ్గా తెలియదు, కాబట్టి వీధి దానికి కొలతల ఆఫీసని పేరు పెట్టుకుంది. ఆ వెనక వీధిలోనే ముందటి మంగళవారం గిడ్డయ్య మోకాళ్ళ మీద కూచుని ఒక్కో మెట్టునూ ఫోటో తీయడం వెంకటేశ్వరమ్మ కళ్ళారా చూసింది. బుక్కునూ గీతనూ పక్కపక్కన పెట్టి చూసుకుంది. తొమ్మిదింటికి ప్రేమమ్మ చెవిలో వేసింది, ఎవరికీ చెప్పొద్దని ఒట్టు కూడా వేయించుకుంది. పదింటికి పుల్లయ్య టీకొట్టులో ఆ కథలోకి మంత్రాలయం కూడా వచ్చి చేరింది. గిడ్డయ్య పోయొచ్చిన వారానికి అక్కడ టెంకాయల బండ్లు వెనక్కి జరిపించారట. మధ్యాహ్నానికి పత్తికొండ మండీ, సాయంత్రానికి వేంపల్లె మంగలి అంగడి కూడా చేరాయి. చీకటిపడే వేళకు గిడ్డయ్య రిటైరే కాలేదు, వేషం మార్చాడంతే.

మర్నాటినుంచి వీధి వీధంతా ఒక్క మాట మీద నడిచింది. పండగ చందాలప్పుడు కూడా అలాంటి ఐకమత్యం ఎవరూ చూడలేదు. మూలమీద ఉండేది ప్రేమమ్మ ఇల్లు కాబట్టి కాపలా ఆమెది. గిడ్డయ్య మలుపు తిరిగాడంటే మేడ మీంచి చాప దులిపేది, ఆ ఇంట్లో అంత దుమ్ము ఎక్కడిదా అని కొత్తవాళ్ళు ఆశ్చర్యపోయేలాగా. దులుపు వినగానే తొట్టి బోర్లపడి లోపలికి దొర్లేది. పుల్లయ్య తన రేకుకు తాడూ గిలకా బిగించాడు, లాగితే రేకు లేచి గోడకు అతుక్కునేది. వాన వెలిసిన ఒక పొద్దున ఆ రేకు మీద నీళ్ళు నిలిచిన సంగతి మరిచి లాగాడు. కింద టీ తాగుతున్న నలుగురి గ్లాసుల్లోనూ టీ మళ్ళీ అంచుదాకా నిండింది.

అందరికంటే కష్టం మద్దమ్మది. తొంభై దాటిన మనిషి, రోడ్డంచున నులకమంచం వేసుకుని వచ్చేపోయేవాళ్ళను చూడటమే ఆమెకు కాలక్షేపం. మంచం కూడా రోడ్డు మీదిదే కదా. చాప దులుపు వినబడగానే మనవళ్ళిద్దరు అటొకరు ఇటొకరు పట్టి, మద్దమ్మతో సహా మంచాన్ని ఎత్తుకుని ఇంట్లోకి పోయేవాళ్ళు. మొదటిరోజు ఆమె ఆకాశం కదలడం చూసి గాబరాపడింది.

"దించండ్రా నన్ను. నేనింగా పోల్యా," అంది.

గిడ్డయ్య మాత్రం ఏమీ అనుమానపడలేదు. తను రాగానే తలుపులు మూతపడటం, వస్తువులు మాయం కావడం ముప్పై ఏళ్ళుగా చూస్తున్నదే. అతని బాధంతా వేరు. వీధిలో ఏమీ దొరకడం లేదు. మంచం లేదు, తొట్టి లేదు, రేకు నీడ లేదు, నీడలో మనుషుల్లేరు. గీసిన గీతలాగా వీధి శుభ్రంగా, బోసిగా ఉంది. ఫోటో తీస్తే గోడలు పడుతున్నాయి, అవి అతను ఉద్యోగంలోనే చూసేశాడు. తాను ఆలస్యంగా లేస్తున్నాననుకుని ఏడు గంటలకు వచ్చేవాడు ఆరున్నరకు రాసాగాడు. వీధి ఆరింటికే లేచి సర్దుకుంది. అతను ఆరింటికి వస్తే వీధి ఐదున్నరకు లేచింది. అతనికి వెలుతురు చాలడం లేదు, వీధికి నిద్ర చాలడం లేదు. పొద్దున్నే లేవడం మానేసిన మగవాళ్ళంతా ఆ నెలలో సూర్యుణ్ణి చూశారు.

అన్నీ లోపలికి పోతున్నా ఒక్కటి మాత్రం పోలేదు. కడప బండలు దొర్లవు, మడతపడవు, గిలకకు లేవవు. అందుకని వెంకటేశ్వరమ్మ వేరే దారి పట్టింది. గిడ్డయ్య కనపడితే చాలు, కూచోమని ప్లేటు చేతిలో పెట్టేది. ఉగ్గాని మీద పుట్నాలపొడి దండిగా చల్లేది. మామూలుగా వేసే రెండు బజ్జీలకు మూడోది చేరింది, మూడోదానికి నాలుగోది తోడొచ్చింది, ఐదో రోజునుంచి పెరుగు గిన్నె కూడా దిగింది. ఇవ్వబోతే ఆమె చిల్లర తీసుకునేది కాదు. అతను తింటున్నంతసేపూ ఎదురుగా కూచుని చూసేది. తనూజకు రెండో కాన్పుకు నెలలు నిండాయా అని అడిగేది, మోకాళ్ళ నొప్పులకు ఏం రాస్తున్నాడని అడిగేది, పింఛను పడిందా అని అడిగేది. అసలు ప్రశ్న నాలుక చివరిదాకా వచ్చి మళ్ళీ వెనక్కి పోయేది. ఫోటోలు ఎవరికిస్తున్నావని అడిగితే, ఇవ్వని మనిషి కూడా ఇవ్వొచ్చునన్న సంగతి గుర్తు తెచ్చుకోవచ్చు. నిజంగా ఇస్తున్న మనిషైతే ఔనంటాడు. ఔనంటే ఇంకేముంది? ఊరందరి కడుపులోని మాటా లాగే మనిషికి ఒక్క మాట గొంతులో అడ్డంపడి అన్నం సహించలేదు.

అన్నం సహించనిది ఆమెకైతే, చక్కెర పెరిగింది గిడ్డయ్యకు. ఒకరోజు సాయంత్రం హంపమ్మ కొంగు బిగించి వచ్చింది. అరుగు మీద కూచోలేదు, నిలబడే అడిగింది.

"ఏం వెంకటేశ్వరక్కా, మా ఆయన మీద నీకేం పగుండాది?"

"నాకేం పగమ్మా, దేవుడట్లా మనిషి."

"మల్ల దినామూ నాలుగు బజ్జీలు పెట్టి సంపుతాండావే. డాక్టరు రక్తం సూసి, ఇది రక్తమా శనగపిండా అని అడిగినాడు. వద్దంటే, ఆయక్క ప్రేమగా పెడతాంది, వద్దంటే నొచ్చుకుంటాది అంటాడు. ఏం ప్రేమక్కా అది, ముప్పై ఏండ్లుగా లేనిది?"

మాట మార్చడం వెంకటేశ్వరమ్మకు వెన్నతో పెట్టిన విద్య కాబట్టి, మీ ఆయన ఈమధ్య దిగులుగా కనపడుతున్నాడేమని అడిగింది. హంపమ్మ కోపం సగానికి దిగి, ఆమె కూడా బండ మీదికి దిగింది. దిగులేనంది. ఫోటోలు రావడం లేదని పొద్దుగూకులూ పాతవే ముందేసుకుని కూచుంటున్నాడట. మంచివి పన్నెండు ఏరి, స్టూడియోలో కాగితాల మీదికి పెద్దవిగా దింపించి, తెల్లచొక్కా వేసుకుని ఏదో ఆఫీసుకు కూడా పోయొచ్చాడట.

వెంకటేశ్వరమ్మ ఏ ఆఫీసని అడిగింది. హంపమ్మకు సరిగ్గా తెలియదు. రోడ్లు కొలిచే ఆఫీసట, కొత్తగా కట్టుకున్నదట.

"నీ బండలదీ ఉండాదక్కా," అంది హంపమ్మ, సంతోషపెట్టాలని. "అందరికంటే నీదే పెద్దది సేయించినాడు. ఇంతుండాది." రెండు చేతులూ బార చాచి చూపించింది.

హంపమ్మ వెళ్ళిపోయాక వెంకటేశ్వరమ్మ పొయ్యి ఆర్పేసి, బండల వైపు చూస్తూ కూచుంది. వాళ్ళంతట వాళ్ళు వచ్చి గడ్డపారలతో పగలగొడితే మూడు బండలూ ముప్పై ముక్కలవుతాయి. అదే తాను ముందుగా తీయించి పెట్టుకుంటే బండలైనా దక్కుతాయి. మర్నాడు మధ్యాహ్నం ఇద్దరు కూలీలను పిలిపించింది. ఇరవై రెండేళ్ళుగా కదలని బండలు గడ్డపారకు మూలుగుతూ లేచాయి. అడుగున కాలువ తెరుచుకుని, ఇన్నాళ్ళూ బజ్జీ వాసన కింద అణిగి ఉన్న వాసనంతా వీధికి పరిచయమైంది. బండలను లోపల వరండా గోడకు ఆనించి, వాటి మీద పాత దుప్పటి కప్పింది. చూస్తే ఇంట్లో ముగ్గురు మనుషులు ముసుగేసుకుని నిలబడ్డట్టుంది.

పొయ్యి నడవలోకి మారింది. బజ్జీలు కాలేవేళకు పొగ వంటింటి గుండా పడకగదిలోకి పోయి, అక్కడ్నించి దారి తెలియక మళ్ళీ ఆమె కళ్ళల్లోకే వచ్చింది. తినేవాళ్ళు కూచోవడానికి చోటు లేదు. కాలువకు అవతల నిలబడి చేయి చాపితే, ఇవతల్నించి ఆమె వంగి ప్లేటు అందించాలి. మొదటి ప్లేటు అందింది. రెండో ప్లేటు కాలువ తినేసింది. నిలబడి తిన్నవాళ్ళు తిన్నట్టే పోయారు, ఒక్కరూ ఒక్క కబురు చెప్పలేదు. కాలువకు అడ్డంగా అరిచి ఎవరు మాత్రం తమ్ముడి కిడ్నీ సంగతి చెబుతారు? రెండో పూటకు ఆమె పొయ్యి వెలిగించలేదు. ఆ రోజూ, తర్వాత రెండు రోజులూ అంగడి లేదు. పుల్లయ్య టీకొట్టులో టీ కూడా తగ్గిపోయింది, బజ్జి తిని మండిన నోళ్ళే కదా అక్కడికి పోయేది.

వీధిలో వాళ్ళు ఒక్కొక్కరే వచ్చి కాలువ అవతల్నించి ఓదార్చారు. పుల్లయ్య ఏకంగా పోయి గిడ్డయ్యను నిలదీస్తానన్నాడు గానీ, తన రేకు గుర్తొచ్చి ఆగిపోయాడు. ఆ రాకపోకలన్నీ చూస్తూ ఉంటే వెంకటేశ్వరమ్మకు కొత్తగా కోపం వచ్చింది, గిడ్డయ్య మీద కాదు, తన మీద. దాచుకోవడానికి ఇక ఆమె దగ్గర ఏమీ మిగల్లేదు. బండలు లేచాయి, అంగడి మూతపడింది. పోయేదంతా పోయాక ఇంక అడగడానికి భయమెందుకు?

చక్కెర తగ్గేదాకా కదలొద్దని హంపమ్మ మూడు రోజులు ఇంట్లో కట్టేసిన గిడ్డయ్య నాలుగో రోజు మళ్ళీ పాత వేళకే బయల్దేరాడు. పొద్దున ఏడింటికి ప్రేమమ్మ మేడ మీద చాప దులిపింది. తొట్టి దొర్లింది, రేకు లేచింది, మద్దమ్మ మంచం గాల్లోకి లేచింది. గిడ్డయ్య కెమెరా మెడలో వేసుకుని వచ్చి, అలవాటు ప్రకారం కూచోబోయి, కూచోవడానికేమీ లేక కాలువ ముందు ఆగిపోయాడు. తెరిచి ఉన్న కాలువను చూశాడు, చల్లారిన పొయ్యిని చూశాడు. కెమెరా తీసి సంచిలో పెట్టేశాడు. చావింటికి వచ్చిన మనిషిలాగా ఉంది ముఖం.

"బండలేమాయనక్కా?" అన్నాడు.

వెంకటేశ్వరమ్మ గడప మీద నిలబడింది. ఎదురుగా చాప చేతుల్లోనే పట్టుకుని ప్రేమమ్మ, లాగిన తాడు వదలకుండా పుల్లయ్య. మద్దమ్మ మనవళ్ళు మంచాన్ని లోపలికీ తీసుకుపోలేదు, కిందికీ దించలేదు.

"ఏమప్పా గిడ్డయ్యా," అంది ఆమె. "నేనొగటడుగుతా, ఉండేదున్నట్టు సెప్పు. మా ఫోటోలు నువ్వు ఆ కొలతల ఆఫీసోళ్ళకు ఇచ్చినావా, లేదా?"

గిడ్డయ్య ఒకసారి వీధంతా చూశాడు. ఇందరు తన మాట కోసం ఎదురుచూడటం అతనికి జీవితంలో ఇదే మొదలు. కొంచెం సిగ్గుపడ్డాడు కూడా.

"ఇచ్చేకే పోయినా అక్కా. కొత్తగా కట్టుకున్నారు గదా, గోడలన్నీ బోసిగా ఉండాయి, మన వీధులవి పెట్టుకుంటే సూసేకి బాగుంటాదని పన్నెండు పట్టుకపోయినా. ఆడ పెద్దసారు ఒగటొగటే తిప్పి సూసినాడు. 'రోడ్డు యాడుండాదప్పా ఇందులో, అంతా మనుషులే ఉండారే' అని పదకొండు మళ్ళా నా సంచిలోనే పెట్టినాడు. నీ బండలది మాత్రం ఇయ్యల్యా. బీరువాలో పెట్టి బీగమేసుకోని, ఇది ఎవురికీ సూపీకు, ముఖ్యంగా ఆయక్కకు సూపీకన్నాడు. నువ్వడిగినావు గాబట్టి సెప్తాండా. నీ మూడో బండ మీద కూసోని బజ్జి కొరకతాండేది ఆయనే, అక్కా. నీతో లెక్కల అయ్యవారినని సెప్పుకున్నాడంట గదా."